నూలుపేట తల్లినీళ్లు

నేను ఇంతకు ముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు బెరుకు. మొన్న మా ఆడపడుచు చిన్నకూతురు టీవీలో వార్త చూసింది. ఎవరో పెద్ద వ్యాపారి, ఆ సరుకు దేశమంతా ఆయన ఒక్కడే అమ్ముతాడట. సర్కారు అధికారులు ఆయన మీద విచారణ పెట్టారట. "అంత పెద్దవాణ్ణి వీళ్లేం చెయ్యగలరు అత్తా?" అని నన్నడిగింది. చుట్టూ పెద్దవాళ్లున్నారు, నాకు మాట పెగల్లేదు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయొచ్చు కదా అనిపించి కూర్చున్నాను. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి పిల్లలూ.

అనగనగా, మగ్గాల చప్పుడుతోనే తెల్లవారే ఒక ఊరుండేది. దాని పేరు నూలుపేట. అక్కడ ఇంటికో మగ్గం, పెరటికో నీలిబాన.

నీలిబాన అంటే మెడదాకా భూమిలో పాతిన పెద్ద మట్టిపాత్ర. అందులో నీలిమందు, సున్నం, ఉడికించిన తగిరిస మొక్క గింజలు వేసి పులియబెట్టేవారు. తెల్లటి నూలు ముంచి తీస్తే ముందు ఆకుపచ్చగా ఉండేది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలంగా మారేది. ఆ నీలం ఉతికినా పోదు, ఎండకీ వెలిసిపోదు. నూలుపేట నీలపంచు చీరంటే పొరుగు రాజ్యాల వాళ్లు కూడా అడిగి మరీ కొనేవారు.

అయితే నీలిబాన ఉత్త పాత్ర కాదు. అది ప్రాణమున్న వస్తువు. రోజూ పొద్దున్నే కర్రతో కలపాలి. వాసన చూడాలి. నీరసిస్తే గింజల గంజి పొయ్యాలి. చలికాలం చుట్టూ ఊక కప్పాలి. కొన్నాళ్లు పట్టించుకోకపోతే మురిగి చచ్చిపోతుంది. చచ్చిన బానను మళ్లీ బతికించాలంటే ఒకటే దారి. బతికున్న బానలోంచి ఒక ముంతెడు నీళ్లు తెచ్చి పొయ్యాలి. ఆ నీళ్లను తల్లినీళ్లు అనేవారు. ఎంత నీలిమందు పోసినా, ఎంత సున్నం కలిపినా, తల్లినీళ్లు లేనిదే బాన పుట్టదు.

అందుకే ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. తల్లినీళ్లు అడిగినవాళ్లకు లేదనకూడదు. నిన్న జుట్లు పట్టుకుని పోట్లాడుకున్నవాళ్లయినా సరే, పరాయి ఊరివాళ్లయినా సరే. ముంత పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడితే నింపి పంపాలి.

ఇంకొక సంగతి ఉండేది గానీ దాన్నెవరూ పైకి అనుకునేవారు కాదు. బానను చావనిచ్చిన ఇల్లాలికి అది చెప్పుకోలేనంత సిగ్గు.

ఆ ఊళ్లో చౌడమ్మ అని ఒక ఇల్లాలు. భర్త కాలం చేశాడు. ఇంట్లో ఆమె, చూపులేని అత్తగారు. భర్త తన చేతులతో తవ్విన గుంటలో మగ్గం. చౌడమ్మ అందులో కూర్చుని నేస్తుంటే, పక్కన మంచంలో అత్తగారు ఆ చప్పుడు వింటూ ఉండేది. చప్పుడు ఆగితే "అమ్మాయ్" అనేది. "ఉన్నానత్తా" అనేది చౌడమ్మ. అదే వాళ్ల సంసారం.

ఒకసారి ఆ ఊరికి అంకప్ప అనే వ్యాపారి వచ్చాడు. నవ్వుముఖం, మెత్తని మాట. ఏటి ఒడ్డున కొట్టం కట్టి, వరసగా బానలు పాతించాడు. ఇంటింటికీ వెళ్లి "తల్లీ, తల్లినీళ్లు" అని అడిగాడు. కట్టుబాటు ప్రకారం అందరూ పోశారు. చౌడమ్మ కూడా పోసింది.

తర్వాత అంకప్ప ఊరంతా దండోరా వేయించాడు. ఒక ఏడాదిపాటు ఎవరి నూలుకైనా తాను ఊరికే నీలం అద్దిస్తానన్నాడు. కూలి వద్దు, ప్రతిఫలం వద్దు, ఊరి ఆడవాళ్ల కష్టం చూడలేకపోతున్నానన్నాడు.

ఆడవాళ్లు సంతోషించారంటే సంతోషించరా మరి. ఆ కంపు పోయింది, సున్నానికి చేతులు పగలడం పోయింది, పొద్దున్నే నడుం వంచడం పోయింది. ఎప్పుడూ నీలంగా ఉండే గోళ్లు తెల్లబడ్డాయి. చౌడమ్మ పొరుగింటి లక్కమ్మ తన చేతులు చూసుకుని మురిసిపోయి, "నా మొగుడు కూడా ఇవాళ నన్ను చూసి ఎవరో అనుకున్నాడు వదినా" అని నవ్వింది.

అలా ఒక్కొక్కరే బాన కలపడం మానేశారు. ఒక్కొక్క బానే చచ్చిపోయింది. కానీ ఏ ఇల్లాలూ ఆ మాట బయటపెట్టలేదు, సిగ్గు కదా. ఎవరైనా అడిగితే "మా బానకేం, నురగలు కక్కుతోంది" అనేవారు. లోపల మాత్రం ప్రతి ఒక్కరూ ఒకటే అనుకున్నారు. నాది పోతే పోయింది, పక్కింటి వాళ్లది ఉందిగా, కావాల్సిన రోజున ఒక ముంత తెచ్చుకుంటే సరి. చౌడమ్మ కూడా అలాగే అనుకుంది.

ఏడాది నిండింది. అంకప్ప కొట్టం గుమ్మంలో నిలబడి, ఇకమీదట నేసిన చీరల్లో నాలుగో వంతు తనకిస్తేనే నీలం అన్నాడు.

ఆ పొద్దున ప్రతి ఇల్లాలూ చీరకొంగు చాటున ఖాళీ ముంత పెట్టుకుని పక్కింటికి బయలుదేరింది. వీధి మధ్యలో అందరూ ఎదురుపడ్డారు. ఒకరి ముంత ఒకరు చూసుకున్నారు. అన్నీ ఖాళీయే. తర్వాత తలలు వంచుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు.

ఇక అంకప్పకు అడ్డేముంది, ముంతతో వెళ్లినవాళ్లకు తల్లినీళ్లు కూడా లేవన్నాడు. నాలుగో వంతు కాస్తా మూడో వంతు అయింది. దూరపు ఊరినుంచి ఒక అద్దకపువాడు తన బానతో సహా బండెక్కి వచ్చాడు. వెంటనే అంకప్ప మళ్లీ ఊరికే అద్దడం మొదలుపెట్టాడు. జనం ఊరికే వచ్చేచోటికే వెళ్లారు. పాపం ఆ వచ్చినవాడు అన్నం పుట్టక, తన బానను అంకప్పకే అమ్మి వెళ్లిపోయాడు. అతని బండి ఊరు దాటకముందే ధర చీరల్లో సగం వంతుకు ఎక్కింది.

ఆ తర్వాత అంకప్ప కొత్త పద్ధతి పెట్టాడు. నీలం కావాలంటే మగ్గం తెచ్చి తన కొట్టంలో పెట్టుకోవాలి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంకేదాకా అక్కడే నెయ్యాలి. చీర ఆయనది, కూలి వీళ్లది. నీలం లేని చీర నూలుపేటలో ఎవరు కొంటారు? ఒక్కొక్కరే మగ్గాలు ఊడదీసుకుని వెళ్లారు. ఓబన్న అనే ముసలి నేతగాడు తన మగ్గం గుంట పూడ్చి, కొట్టంలో పట్టని మగ్గం కర్రలు దానిమీద పేర్చుకున్నాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదని చెప్పుకున్నారు.

చౌడమ్మకు ఆ శిక్ష ఇంకా పెద్దది. మగ్గం కొట్టానికి పోతే, పగలంతా "అమ్మాయ్" అన్న పిలుపుకి పలికేదెవరు? పంట ఇళ్లకు చేరేలోగా మగ్గం తేకపోతే ఇక చౌడమ్మ నూలు తన బానలో మునగదని అంకప్ప కబురు పెట్టాడు. ఆమె, మగ్గం ఇంకా ఇంట్లోనే ఉన్న కొద్దిమందిని వెంటబెట్టుకుని రాజుగారి దగ్గరికి వెళ్లింది.

రాజుగారిది మంచి మనసే. సంతలో ఏ ఒక్కడూ అందరి మీదా పెత్తనం చెయ్యకుండా చూడడానికి అంగడి అధికారి అనే పదవి కూడా పెట్టాడు. వీరప్ప నాయకుడనే అధికారిని పంపాడు.

వీరప్ప గుర్రమెక్కి వచ్చాడు. మీసం దువ్వి అంకప్పను నిలబెట్టి, ఊరిని పీడిస్తున్నందుకు పెద్ద జరిమానా వేశాడు. అంకప్ప చేతులు కట్టుకుని, తమ చిత్తం అని అప్పటికప్పుడే కట్టేశాడు. వీరప్ప గుర్రం ఏరు దాటింది. ఆ సాయంత్రమే నేతగాళ్ల కూలి తగ్గింది. జరిమానా ఎవరు కట్టారో మీకు అర్థమైంది కదా పిల్లలూ.

మళ్లీ వెళ్లి మొర పెట్టుకున్నారు. ఈసారి శేషశాస్త్రి అనే అధికారి వచ్చాడు. పెద్ద చదువు చదివినవాడు. అంతా ఒక్కడి చేతిలో ఉండటమే దోషమని తేల్చి, కొట్టాన్ని రెండుగా విడదీయమన్నాడు. అంకప్ప మధ్యలో తడిక కట్టించి, అటువైపు సగం తన బావమరిదికిచ్చాడు. గుమ్మాలు రెండయ్యాయి. ఒక గుమ్మంలో ధర అడిగితే "మా బావగారు ఎంత చెబితే అంత" అనేవాడు. రెండో గుమ్మంలో అడిగితే "మా బావమరిది మాట నేను కాదనలేను" అనేవాడు అంకప్ప. తడిక మీదుగా ఇద్దరూ ఒకే వక్కపొడి డబ్బా అందుకునేవారు.

ఊరు ఆశ వదులుకుంది. సర్కారు వాళ్లు వస్తారు, పోతారు, అంకప్ప ఉంటాడు అని లక్కమ్మ తేల్చి చెప్పేసింది. ఆమె మగ్గం కూడా కొట్టం చేరింది. చౌడమ్మ మాత్రం ఇంకొక్కసారి అని వెళ్లింది. ఆస్థానంలో పెద్దలు రాజుగారికి వద్దని చెప్పారు. సేనల తలపాగాలు, ఏనుగు మీది వస్త్రం, తమ నడికట్టు కూడా అంకప్ప బానలోంచి వచ్చిన నీలమే, అతను అలిగితే మనకే ఇబ్బంది అన్నారు. రాజుగారు వాళ్ల మాట పక్కన పెట్టి, కోనయ్య అనే అధికారిని పంపాడు.

కోనయ్య నడిచి వచ్చాడు. అంకప్ప కొట్టానికి వెళ్లలేదు. ముందు ఇంటింటికీ వెళ్లి పెరట్లో ఎండిన బానలు చూశాడు. ఒకదాంట్లో కోడి పొదిగింది. ఒకదాంట్లో పిడకలున్నాయి. మర్నాడు రచ్చ దగ్గర ఊరినీ అంకప్పనూ పిలిచి, ఈ బానలన్నీ ఎలా చచ్చిపోయాయని అడిగాడు.

ఊరివాళ్లు ముందే మాట్లాడుకుని వచ్చారు. అంకప్ప మనుషులే ఎవరూ చూడకుండా బానల్లో ఉప్పు పోసి వాటిని చంపారని చెప్పాలనుకున్నారు. అలాగే ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. లక్కమ్మ కళ్లు కూడా ఒత్తుకుంది.

చౌడమ్మ వంతు వచ్చింది. ఆమెకూ తెలుసు, ఉప్పు అంటే అంకప్పకు శిక్ష పడుతుంది. కానీ నోటికి ఆ మాట రాలేదు. నేల చూస్తూ చెప్పింది.

"ఉప్పు ఎవరూ పొయ్యలేదయ్యా. నా బాన నేనే కలపడం మానేశాను. ఊరికే వస్తోంది కదా అని మానేశాను."

అంకప్ప పెద్దగా నవ్వాడు. విన్నారుగా, నేను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు, ఊరికే ఇచ్చాను, వాళ్లే వదులుకున్నారు, ఇందులో నా నేరమేమిటో తమరే చెప్పాలి అన్నాడు. జనం చౌడమ్మ వంక చూసిన చూపులు చెప్పలేను. లక్కమ్మ అయితే ఆమెకు వినపడేలాగే అంది, "ఆ నిజాన్ని నీళ్లలో కలిపి నూలు ముంచుకో వదినా, నీలం పడుతుందేమో చూద్దాం."

కోనయ్య మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. చౌడమ్మ వైపు తిరిగి, నువ్వు నిజం చెప్పకపోతే నేనూ ఉప్పు వెతుక్కుంటూ ఇతనికి శిక్ష వేసి వెళ్లిపోయేవాణ్ణి, మీ బానలు మాత్రం ఎండిపోయే ఉండేవి అన్నాడు. తర్వాత అంకప్పను అడిగాడు.

"నువ్వీ ఊరు వచ్చిన రోజున తల్లినీళ్లు ఎక్కడివి?"

"ఊళ్లోవే" అన్నాడు అంకప్ప.

"ఎవరైనా లేదన్నారా?"

లేదండీ అన్నాడు అంకప్ప.

"అయితే నువ్వూ లేదనకు. జరిమానా వద్దు. నీ కొట్టం నీదే, నీ ధర నీదే. ముంత పట్టుకుని వచ్చినవాళ్లకు మాత్రం తల్లినీళ్లు పొయ్యాలి. ఇది రాజాజ్ఞ."

ఇంతేనా అనుకున్నారు జనం. అంకప్ప కూడా ఇంతేనా అనుకుని, సంతోషంగా తలూపాడు.

మర్నాడు కొద్దిమంది ముంతలతో వెళ్లారు. అంకప్ప నవ్వుతూ పోయించాడు. తెచ్చుకుని బానలో పోసి, సున్నం వేసి, గింజలు వేసి, కలిపి కలిపి చూశారు. నురగ లేదు, రంగు లేదు, కంపు తప్ప. వాడు మరగకాచి చల్లార్చిన నీళ్లు పోశాడని తర్వాత తెలిసింది. ప్రాణం పోయిన నీళ్లు.

కోనయ్య అప్పటికి వెళ్లిపోయి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ముందు వచ్చిన ఇద్దరూ చేసింది అదే కదా, ఆజ్ఞ ఇచ్చి గుర్రమెక్కారు. కోనయ్య ఊళ్లోనే పూరిపాక అద్దెకు తీసుకున్నాడు. రోజూ తెల్లవారగానే కొట్టం గుమ్మంలో నిలబడేవాడు. ముంత నింపగానే అందులో నూలుపోగు ముంచి గాల్లో పట్టుకునేవాడు. ఆకుపచ్చ నీలమైతే "తీసుకెళ్లమ్మా" అనేవాడు. కాకపోతే పారబోసి మళ్లీ నింపించేవాడు. అంకప్ప మనుషులు దగ్గేవారు, నిట్టూర్చేవారు, ఇంత పెద్ద అధికారికి వేరే పనే లేదా అని గొణిగేవారు. ఆయన కదిలేవాడు కాదు.

చౌడమ్మ పెరట్లో బాన మీద మొదటిసారి రాగిరంగు నురగ తేలిన రోజున ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలావిడ వంగి వాసన చూసింది. "బతికిందే అమ్మాయ్" అంది. ఆ వాసన అందరికీ కంపే, వాళ్లకి మాత్రం కాదు.

అలా అరడజను ఇళ్లలో బానలు లేచాయో లేదో, అంకప్ప అసలు దెబ్బ కొట్టాడు. రాజధానికి నీలం పంపడం ఆపేశాడు. కోనయ్య ఉన్నంతకాలం తన బానలు సరిగా పులియడం లేదని కబురు పంపాడు. ఊరేగింపు రోజు దగ్గరపడింది. సేనలకు తలపాగాల్లేవు. ఆస్థానంలో పెద్దలు మేం ముందే చెప్పామన్నారు. రాజుగారు కోనయ్యను పదవినుంచి తప్పించి వెనక్కి రమ్మన్నాడు.

కోనయ్య మూట కట్టుకుంటుంటే చౌడమ్మ, ఇంకా కొంతమంది ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్లకు ఏడుపు వచ్చింది. మీరు వెళ్తే వాడు మళ్లీ ఊరికే అద్దుతాడు, జనం మళ్లీ అటే వెళ్తారు, మా బానలు మళ్లీ పోతాయి, దానికేదైనా ఆజ్ఞ రాసివ్వండి అని అడిగారు.

"ఇవాళ నా మాట చెల్లదు తల్లీ" అన్నాడాయన. "చెల్లినా, మీ బాన నేనొచ్చి కలపలేను కదా."

ఆయన వెళ్లిన మర్నాడే దండోరా వినిపించింది. అంకప్ప ఊరికే నీలం అద్దుతున్నాడు, మగ్గం కొట్టానికి తేకపోయినా సరేనట.

చెబితే నమ్మరు గానీ చౌడమ్మకు కూడా ఆశ పుట్టింది. నడుం నొప్పి ఆమెకు మాత్రం లేదా. అరచేతులు పగిలి నెత్తురు వస్తోంది. అద్దించుకుందామని నూలు చిలప భుజాన వేసుకుని వీధి మలుపు దాకా వెళ్లింది. అక్కడ ఓబన్న ఎదురయ్యాడు, కొట్టానికి కూలికి వెళ్తున్నాడు. ఆమె భుజాన చిలప చూశాడు. తన గుంట పూడ్చిన ఇంటివైపు ఒకసారి చూసి, మళ్లీ నడక సాగించాడు. చౌడమ్మ వెనక్కి తిరిగి వచ్చి, కర్ర తీసుకుని బాన కలిపింది.

తర్వాత బానలున్న ఇళ్లకు తనే వెళ్లింది. జీవితంలో ఎప్పుడూ నలుగురిని కూర్చోబెట్టి మాట చెప్పని మనిషి. అయినా చెప్పింది. కిందటిసారి మనల్ని ముంచింది వాడు ఊరికే అద్దడం ఒక్కటే కాదు, మన సిగ్గు కూడా. నా బాన చచ్చిందని నేను చెప్పి ఉంటే నువ్వు నీది కాపాడుకునేదానివి. ఇకనుంచి దాచొద్దు. రోజూ పొద్దున బాన కలిపాక ఒక పోగు ముంచి వీధి గుమ్మానికి కడదాం. తడితడిగా పోగు ఉన్న ఇంట్లో బాన బతికి ఉన్నట్టు. ఏ గుమ్మానికైనా కొత్త పోగు కనపడకపోతే, అడక్కుండానే ముంత పట్టుకుని వెళ్దాం. ఆ ఇల్లాలిని ఎవరూ ఏమీ అనొద్దు.

ఊరు నవ్వింది. ఊరికే వస్తుంటే చేతులు కాల్చుకుంటున్నారని, గుమ్మానికి తోరణాలు కట్టారు గానీ పెళ్లికూతురు ఏదని లక్కమ్మ వెక్కిరించింది. వాళ్లు ఆ మాటలు పడ్డారు. ఒకావిడకు జ్వరం వచ్చి గుమ్మానికి పోగు లేకపోతే, ఆమె లేచేసరికి ఎవరో పెరట్లో బాన కలిపి, పోగు కట్టి వెళ్లిపోయారు. అలా ఒక్క బాన కూడా చావలేదు. చీరలు తక్కువే నేశారు, పల్చగానే తిన్నారు, కానీ మగ్గాలు ఇళ్లలోనే ఉన్నాయి.

ఇంతలో రాజధానినుంచి భటులు తలపాగాల నీలం కోసం వచ్చారు. కోనయ్య వెళ్లిపోయాక కూడా అంకప్ప బెట్టు తగ్గలేదు. ఈసారి ధర మూడింతలు చెప్పాడు, ఊరేగింపు దగ్గరపడింది కదా, ఇవ్వక ఏం చేస్తారని. భటులు ఉసూరుమంటూ వీధిలో నడుస్తుంటే గుమ్మాలకు పోగులు కనిపించాయి. ఒక పోగు వాళ్లు చూస్తుండగానే ఆకుపచ్చనుంచి నీలమైంది. తలుపు తట్టారు. ఆ అరడజను ఇళ్లవాళ్లూ పని పంచుకుని తలపాగాలన్నీ అద్ది ఇచ్చారు, న్యాయమైన ధరకే.

ఊరేగింపు అయ్యాక రాజుగారు ఆ నీలం తలపాగాల వంక చూస్తూ కూర్చున్నాడట. వేరే నీలం లేదనుకున్నాం గనుక అంకప్పకు భయపడ్డాం, వేరే నీలం ఉందని తెలిశాక మనం భయపడింది ఎవరికి అన్నాడట. కోనయ్యను పిలిపించి, తిరిగి పదవి ఇచ్చాడు. కోనయ్య ఈసారి రెండు ఆజ్ఞలు వేశాడు. తల్లినీళ్లు లేదనకూడదన్నది ఒకటి. వ్యాపారి ధర తగ్గించుకోవచ్చు గానీ, పక్కవాణ్ణి పడగొట్టాక దాన్ని మళ్లీ పెంచడానికి వీల్లేదన్నది రెండోది. ఆ పోగులు చూడడానికి ఏటేటా వచ్చేవాడు.

పక్కవాళ్లను పడగొట్టినా తర్వాత ధర పెంచే వీల్లేదని, ఇక ఊరికే అద్దితే నష్టమే తప్ప లాభం లేదని తెలిసిన రోజునే అంకప్ప ఊరికే అద్దడం ఆపి, బావమరిదికీ తనకూ మధ్య తడిక తీసేసి, మామూలు కూలికి అద్దుతానన్నాడు. కానీ కొట్టంలో మగ్గం పెట్టాలన్న షరతు మాత్రం మళ్లీ తెచ్చాడు.

ఒక పొద్దున చౌడమ్మ బాన కలుపుతుంటే పెరటి గుమ్మంలో లక్కమ్మ నిలబడి ఉంది. చేతిలో ముంత. లోపలికి రాలేదు. ఎప్పుడూ గలగలలాడే మనిషి నేల చూస్తూ ఉంది. చౌడమ్మ కర్ర పక్కన పెట్టి, ముంత తీసుకుని నిండుగా ముంచి ఇచ్చింది.

"గోళ్లు మళ్లీ నీలమవుతాయి వదినా" అంది లక్కమ్మ.

"అవుతాయి" అంది చౌడమ్మ.

తర్వాత చాలామంది మగ్గాలు ఇళ్లకు తిరిగొచ్చాయి. అందరివీ రాలేదు. ఓబన్న ఇంట్లో పేర్చిన మగ్గం కర్రల్ని చెదలు తిన్నాయి. ఆయన కొట్టంలోనే కూలికి నేస్తూ ఉండిపోయాడు. కోనయ్య ఆజ్ఞ ఆయన ఇంటిదాకా రావడం ఆలస్యమైంది. అంకప్ప కూడా ఊళ్లోనే ఉన్నాడు, అందరిలో ఒక అద్దకపువాడుగా. చౌడమ్మ మగ్గం మాత్రం భర్త తవ్విన గుంటలోంచి కదల్లేదు. అత్తగారు పిలిచిన ప్రతిసారీ పలుకు వినపడింది, ఆవిడ వెళ్లిపోయిన రోజు దాకా.

ఇదే నువ్వడిగినదానికి నా జవాబు తల్లీ. అధికారులు అంత పెద్దవాణ్ణి ఏం చెయ్యగలరంటే, మూసిన తలుపు తెరిపించగలరు, అక్కడే నిలబడి కాపలా కాస్తే. ఆ తలుపులోంచి నడవాల్సిందీ, అది మళ్లీ మూసుకుపోకుండా చూసుకోవాల్సిందీ మాత్రం మనమే.

ఇది రాసిన మర్నాడు పొద్దున, నానబెట్టి ఆరబోసిన బియ్యం డబ్బాకెత్తుకుని, ఊరికంతటికీ అదొక్కటే అని ఇన్నేళ్లూ వెళ్లిన మా వీధి పిండిమర దాటి, వెనక వీధిలో ఒక చిన్న జంట కొత్తగా పెట్టిన మర దగ్గరికి నడిచి వెళ్లాను.